గన్నవరం నుంచి విశాఖకు ఎంతసేపు?

గన్నవరం, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం దాదాపు 290 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం నడుస్తున్న రోజుల్లో టికెట్ మీద ప్రయాణ సమయం గంటా ఐదు నిమిషాలనో, గంటా పది నిమిషాలనో ఉంటుంది. ఈ రెండు అంకెలూ నిజమే. అయినా వీటిని చూసి ప్రయాణం ఖాయం చేసుకున్నవాళ్లలో చాలామంది అనుకున్న వేళకు పని మొదలుపెట్టలేరు. దూరమూ, ఎగిరే సమయమూ మొత్తం ప్రయాణంలో చిన్న భాగానికి చెందిన కొలతలు. అవి రోజు రోజుకూ పెద్దగా మారవు, మన చేతిలోనూ లేవు. మన రోజును తినేసేవి వేరే ఉన్నాయి, వాటిని ఏ టికెట్ మీదా అచ్చు వేయరు. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టేది ఒక్క నిమిషమే అయినా ‘పెళ్లికి నిమిషం పడుతుంది’ అని సెలవు చీటీ రాసేవాళ్లు ఉండరు. విమానం విషయంలో మాత్రం అదే పని చేస్తున్నాం. గంట ప్రయాణమని చెప్పి, ఆ గంట చుట్టూ ఉన్న పూటను లెక్కలోంచి తీసేస్తున్నాం. ఈ అధ్యాయంలో ఆ పూటను తిరిగి లెక్కలోకి తెద్దాం.

ముందు ఆ గంటనే కాస్త విప్పి చూద్దాం. ప్రాంతీయ మార్గాల్లో తిరిగే ఏటీఆర్ 72 విమానం నిలకడగా గంటకు సుమారు 510 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ అయితే సుమారు 830 కిలోమీటర్లు. ఆ వేగంతో భాగిస్తే 290 కిలోమీటర్లకు ఏటీఆర్‌కు 34 నిమిషాలు, జెట్‌కు 21 నిమిషాలు చాలాలి. మరి గంట ఎందుకు? గన్నవరం నుంచి శంషాబాద్‌కు దాదాపు 265 కిలోమీటర్లు, టికెట్ మీద సుమారు గంటా ఐదు నిమిషాలు. శంషాబాద్ నుంచి ఢిల్లీకి సుమారు 1,260 కిలోమీటర్లు, రెండుంబావు గంటలు. దూరం వెయ్యి కిలోమీటర్లు పెరిగితే సమయం పెరిగింది డెబ్బై నిమిషాలే. ఆ లెక్కన మొదటి 265 కిలోమీటర్లకు ఇరవై నిమిషాలు కూడా పట్టకూడదు. మిగిలిన ముప్పావు గంటకు దూరంతో పని లేదు. తలుపు మూసి వెనక్కి నెట్టించుకోవడం, రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, వరసలో ఆగడం, పైకి ఎక్కడం, దిగేముందు వేగం తగ్గించుకుని చుట్టు తిరిగి రన్‌వేకు ఎదురుగా రావడం, దిగాక మళ్లీ పాకడం, ఇవన్నీ పక్క ఊరికి వెళ్లినా ఢిల్లీకి వెళ్లినా ఒకటే. పదివేల అడుగుల కంటే కింద మామూలుగా 250 నాట్లు, అంటే గంటకు 460 కిలోమీటర్లు, దాటకూడదన్న పరిమితి కూడా ఉంది. చిన్న మార్గంలో జెట్‌కు తన వేగం చూపించే చోటే దొరకదు. అందుకే ‘ఏటీఆర్ కదా, ఆలస్యమవుతుంది’ అన్న దిగులు ఈ దూరాల్లో అనవసరం. తేడా పది నిమిషాలకు అటూ ఇటూ.

టికెట్ మీది సమయం గురించి ఇంకొక్క సంగతి. అది గాల్లో ఉండే సమయం కాదు. చక్రాల కింద అడ్డుకట్టలు తీసిన క్షణం నుంచి అవతలి ఊళ్లో మళ్లీ అడ్డుకట్టలు పెట్టే క్షణం దాకా లెక్క. దానికి తోడు రద్దీ వల్ల జరిగే ఆలస్యాన్ని ముందే ఊహించి విమాన సంస్థలు కొన్ని నిమిషాలు కలిపి రాసుకుంటాయి. ‘పది నిమిషాల ముందే చేరుకున్నాం’ అన్న ప్రకటన మనం తరచూ వినడానికి పైలట్ల చాకచక్యం కంటే ఆ కలిపి రాసుకోవడమే ఎక్కువ కారణం. పైగా అనుకున్న వేళకు పావుగంట లోపల వచ్చిన విమానాన్ని వేళకు వచ్చినట్టే లెక్కిస్తారు. ఇందులో మోసమేమీ లేదు. ఆ అంకె విమానాలను నడిపేవాళ్ల అవసరం కోసం పుట్టింది, ప్రయాణికుడి రోజును కొలవడానికి పుట్టలేదు, అంతే.

ఇప్పుడు గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్క. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఇల్లు, విశాఖ ఎంవీపీ కాలనీలో పని అనుకుందాం. గన్నవరం ఇరవై కిలోమీటర్ల లోపే, కానీ జాతీయ రహదారి మీద క్యాబ్‌లో నలభై నిమిషాలు వేసుకోవాలి. దేశీయ విమానాలకు చెక్‌ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటంబావు ముందు అక్కడ ఉండాలి. విమానం గంటా ఐదు నిమిషాలు. దిగి, బ్యాగు తీసుకుని, బయటకొచ్చి బండి ఎక్కేసరికి ఇరవై నిమిషాలు. విశాఖ విమానాశ్రయం ఊరికి దగ్గరే, అయినా ఎన్ఏడీ జంక్షన్ దాటుకుని ఎంవీపీ కాలనీ చేరడానికి మరో నలభై. మొత్తం 240 నిమిషాలు, నాలుగు గంటలు. అదే మనిషి వందే భారత్ ఎక్కితే? స్టేషన్‌కు 25 నిమిషాలు, అక్కడ ఆగడం 20, రైల్లో సుమారు నాలుగుంబావు గంటలు, దిగి బయటకు రావడం 10, స్టేషన్ నుంచి ఎంవీపీ కాలనీకి 25. మొత్తం 335 నిమిషాలు, ఐదు గంటల ముప్పై ఐదు నిమిషాలు. టికెట్లను పక్కపక్కన పెట్టి చూస్తే విమానం మూడు గంటలా పది నిమిషాలు ఆదా చేసినట్టు కనిపిస్తుంది. గుమ్మాల మధ్య కొలిస్తే ఆదా 95 నిమిషాలు. మనం ఊహించుకున్నదానిలో సరిగ్గా సగం. రైలు కంటే విమానానికి మూడు వేలు ఎక్కువ పెడుతున్నామనుకోండి. మనసులోని లెక్క ప్రకారం గంటను 950 రూపాయలకు కొంటున్నాం, నిజానికి ఆ గంట ధర 1,900. కొనవద్దని నేననను. ధర తెలుసుకుని కొనమంటాను.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. ‘నేను బ్యాగు వేయను, ముందురోజే వెబ్ చెక్‌ఇన్ చేసుకుంటాను, ముప్పావు గంట ముందు వెళ్తే చాలు’ అంటారు తరచూ తిరిగేవాళ్లు. వాళ్ల మాట నిజమే. గన్నవరం లాంటి చిన్న విమానాశ్రయాల్లో గేటు నుంచి విమానం మెట్ల దాకా నడక తక్కువ, భద్రతా తనిఖీ దగ్గర వరసలు మామూలు రోజుల్లో పొట్టిగానే ఉంటాయి. ఆ మనిషికి నాలుగు గంటల లెక్క మూడున్నరకు దిగుతుంది. కాదనను, అలా వెళ్లగలిగేవాళ్లు అరగంట తగ్గించుకుని రాసుకోవాలి. అయితే ఆ అరగంట ఉచితంగా రాదు. ముప్పావు గంట ముందు చేరాలని బయలుదేరినవాడికి రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్ ఆగితే విమానం దక్కదు. గంటంబావు ముందు చేరేవాడు ఆ రోజు కూడా ఎక్కుతాడు. మిగుల్చుకున్న ముప్పై నిమిషాలకు పూచీకత్తుగా పెట్టింది మొత్తం ప్రయాణం. సరదా ప్రయాణమైతే పెట్టవచ్చు, ఇంటర్వ్యూకైతే నాకు నచ్చని బేరం.

ఇంకో తేడా నిమిషాల్లో కనిపించదు. నాలుగు గంటల విమాన ప్రయాణాన్ని ముక్కలుగా చూడండి. క్యాబ్, తనిఖీ, గేటు దగ్గర కూర్చోవడం, వరసలో నిలబడటం, సీటు బెల్టు, పైకి ఎక్కడం, కాఫీ బండి, మళ్లీ సీటు బెల్టు, బ్యాగు బెల్టు దగ్గర నిలబడటం, మళ్లీ క్యాబ్. వీటిలో ఏదీ అరగంటో ముప్పావు గంటో మించదు. ఏ ముక్కలోనూ పుస్తకం ఇరవై పేజీలు కుదురుగా చదవలేం, ఒక నివేదిక రాయలేం, కునుకు కూడా సరిగా పట్టదు. రైల్లో నాలుగు గంటలు ఒకే ముద్దగా దొరుకుతాయి. రాయడం, చదవడం, లెక్కలు చూడటం వృత్తిగా ఉన్నవాళ్లకు విమానం మిగిల్చిన తొంభై ఐదు నిమిషాల కంటే రైలు ఇచ్చిన ఎడతెగని నాలుగు గంటలే ఎక్కువ పని చేయించవచ్చు. అంటే మనం పోల్చవలసింది పోయిన గంటలను కాదు, పోగా పనికొచ్చేవిగా మిగిలిన గంటలను. ఆ కొలతతో చూస్తే ‘నెమ్మది’ ప్రయాణం కొన్నిసార్లు ముందు నిలుస్తుంది. ప్రయాణమంతా నిద్రపోయేవాళ్లకో, ఫోన్ చూసేవాళ్లకో ఈ వాదన వర్తించదు. వాళ్లు ఈ పేరాను దాటేసి వెళ్లవచ్చు.

రైళ్లూ లేటవుతాయి కదా అంటారు. అవుతాయి. వర్షాకాలంలో తూర్పు తీరాన వాయుగుండం పడితే పట్టాల మీదికి నీళ్లొచ్చి అన్నీ ఆగిపోతాయి. ముందు చెప్పిన 335 నిమిషాల్లో కూడా రైలు వేళకు నడుస్తుందన్న ఆశ దాగి ఉంది. నేను రైలు తరఫున వకాల్తా పుచ్చుకోలేదు. రెండింటికీ ఒకే తూకం వాడాలన్నదే ఇక్కడి మాట. విమానానికి టికెట్ మీది గంటను, రైలుకు మన అనుభవంలోని అతి చెడ్డ రోజును తీసుకుని పోల్చడం మనకు అలవాటు. మొదటిది కాగితం మీది అంకె, రెండోది జ్ఞాపకం. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే ఎప్పుడూ విమానమే గెలుస్తుంది. మామూలు రోజును మామూలు రోజుతోనూ, చెడ్డ రోజును చెడ్డ రోజుతోనూ పోల్చాలి.

దూరం పెరిగేకొద్దీ ఈ లెక్క తిరగబడుతుంది, అదీ చెప్పాలి. విశాఖ నుంచి హైదరాబాద్‌కు ఆకాశమార్గాన సుమారు 510 కిలోమీటర్లు, రైలు దారి దాదాపు 700. 2023 సంక్రాంతి రోజున విశాఖ, సికింద్రాబాద్ మధ్య మొదలైన వందే భారత్‌కు సుమారు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. శంషాబాద్ ఊరికి ఎంత దూరమని విసుక్కున్నా, విమానంలో గుమ్మం నుంచి గుమ్మానికి ఐదు గంటల్లో పని అయిపోతుంది. రైలుకు తొమ్మిదిన్నర. ఇక్కడ ఆదా నిజంగా సగం పగలు. కడప నుంచి విశాఖకు ఆకాశంలో దాదాపు 600 కిలోమీటర్లు. నేల మీద రాష్ట్రాన్ని మూల నుంచి మూలకు దాటాలి, రైలెక్కితే రాత్రంతా అందులోనే. అలాంటి జంట ఊళ్లకు నేరుగా విమానం దొరికితే ఆలోచించనక్కర్లేదు. మారని ముప్పావు గంట, నేల మీద పోయే మూడు గంటలు అక్కడా ఉంటాయి, కానీ అవతలి వైపు పది పదిహేను గంటలున్నప్పుడు అవి తేలిపోతాయి. గన్నవరం, విశాఖల లాగా మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపు జంటల దగ్గరే నిర్ణయం కష్టం. మనం పొరపడేదీ అక్కడే. ఇక రాత్రి రైలు సంగతి వేరు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం విశాఖలో ఎక్కి తెల్లవారి హైదరాబాద్‌లో దిగినవాడి పన్నెండు పదమూడు గంటల్లో సగానికి పైగా ఇంట్లో ఉన్నా నిద్రకే పోయేవి. బెర్తు మీద నిద్ర పట్టేవాడికి పోయిన పగలు దాదాపు సున్నా. పట్టనివాడికి మర్నాడు కూడా పోయినట్టే. ఈ ఒక్కదానికి సగటు లెక్కలు పనికిరావు, ఎవరి ఒళ్లు వాళ్లకే తెలుసు.

ప్రాంతీయ విమానాశ్రయాల దగ్గర అన్నిటికంటే ఎక్కువ సమయాన్ని మింగేది ఎగరడం కాదు, ఎదురుచూడటం. అంటే విమానం రోజుకు ఎన్నిసార్లు, వారానికి ఎన్ని రోజులు అన్నది. మీ పని మంగళవారం పదింటికి, విమానం సోమ, బుధ, శుక్రవారాల్లో మాత్రమే అనుకోండి. సోమవారం వెళ్లి బుధవారం రావాలి. గంట ప్రయాణం కోసం రెండు రాత్రులు హోటల్లో. ఈ ఆలస్యం ఏ ప్రయాణ సమయంలోనూ కలవదు, ఏ యాప్‌లోనూ కనిపించదు. చిన్న విమానాశ్రయాలను కలపడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీ, కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ విమానాలతో మొదలైంది. సుమారు 500 కిలోమీటర్లకు, అంటే గంట ప్రయాణానికి, కొన్ని సీట్లకు టికెట్ 2,500 రూపాయలు మించకూడదన్నది అప్పటి నియమం. ఆలోచన మంచిదే, దాని వల్ల కడప లాంటి ఊళ్లకు విమానం వచ్చింది. కానీ 2023లో వచ్చిన కాగ్ నివేదిక చూడండి. మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ గడువు పూర్తిచేసినవి 112. గడువు తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. మన దగ్గరా అంతే. విజయవాడ కేంద్రంగా 2013లో ఎగిరిన ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి ఏటీఆర్‌లు నడిపిన ట్రూజెట్ 2015లో మొదలై 2022లో ఆగింది. రెండు ఊళ్ల మధ్య దూరం, ఎగిరే సమయం ఎప్పటికీ ఉంటాయి. ఆ దూరాన్ని దాటించే విమానం ఉంటుందా అన్నది సీజన్ సీజన్‌కూ మారే విషయం. నెలకు రెండుసార్లు విశాఖ వెళ్లవలసిన ఉద్యోగం ఒప్పుకునేముందు ‘విమానంలో గంటే కదా’ అనుకోవడం ఆ మార్పును మరిచిపోవడమే.

నేరుగా విమానం లేనప్పుడు ఏమవుతుందో కూడా అంకెల్లోనే చూద్దాం. గన్నవరం నుంచి విశాఖకు అని వెతికితే యాప్ హైదరాబాద్ మీదుగా దారి చూపిస్తుంది. పడమరగా 265 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ తూర్పుగా 510 కిలోమీటర్లు. మొత్తం 775. నేరు దూరానికి రెండున్నర రెట్లు మించి. మధ్యలో శంషాబాద్‌లో రెండు మూడు గంటల కూర్చోవడం. దూరంగా ఉన్న పెద్ద ఊరి విమానాశ్రయం మీదుగా పక్క ఊరికి వెళ్లడమంటే అసలు ప్రయాణానికి రెండు విమానాల మారని ముప్పావు గంటలు, రెండు ఆలస్యాల అవకాశాలు తగిలించుకోవడం. అంతసేపట్లో కారులో చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద రాజమహేంద్రవరంలో భోజనానికి ఆగి మరీ విశాఖ చేరవచ్చు. ఆశ్చర్యమేమిటంటే ఆ టికెట్లు అమ్ముడవుతూనే ఉంటాయి. వేరే దారి లేక కొందరు, ‘ఫ్లైట్‌లో వెళ్లాం’ అనిపించుకోవడానికి కొందరు. రెండోవాళ్లను విమర్శించను. హోదా కూడా ఒక అవసరమే, దాన్ని సమయం ఆదా అని మాత్రం పిలవకూడదు.

ఇంతవరకూ మామూలు రోజుల మాట. ముఖ్యమైన పనికి వెళ్లేటప్పుడు సగటును చూడకూడదు, చెడ్డ రోజును చూడాలి. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో గన్నవరం చుట్టూ పొలాల మీద మంచు దట్టంగా కమ్ముతుంది. రన్‌వే కనపడక విమానాలు గాల్లో చక్కర్లు కొట్టడం, కొన్నిసార్లు హైదరాబాద్‌కు వెనక్కి మళ్లడం ఏటా పత్రికల్లో వచ్చే వార్తే. విశాఖ విమానాశ్రయం నౌకాదళంతో కలిసి వాడుకునేది కాబట్టి వేళలు పూర్తిగా పౌర విమానాల ఇష్టం మీద ఉండవు. విశాఖలో ఉండే లాయరుకు అమరావతిలోని హైకోర్టులో పదిన్నరకు కేసు ఉందనుకోండి. తొమ్మిదింటికి గన్నవరంలో దిగే విమానం కాగితం మీద సరిపోతుంది. కానీ గన్నవరం నుంచి నేలపాడు చేరడానికి విజయవాడ దాటి, కృష్ణ దాటి వెళ్లాలి. గంటకు తక్కువ కాదు. మంచు కురిసి విమానం ముప్పావు గంట ఆలస్యమైతే కేసు పిలుపు అయిపోతుంది. అలాంటి పనికి ముందురోజు సాయంత్రమే చేరి విజయవాడలో పడుకోవడం ‘సమయం వృథా’ అనిపించవచ్చు. వృథా కాదు, పది రోజుల్లో ఒకసారి ఎదురయ్యే నష్టాన్ని ముందే చిన్న మొత్తంగా కట్టేయడం. విదేశీ ప్రయాణాలకు ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. గన్నవరం నుంచి శంషాబాద్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి అమెరికాకు వేరే టికెట్ విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో సంస్థకు బాధ్యత ఉండదు. రెండూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే తర్వాతి విమానంలో సీటు చూసే బాధ్యత వాళ్లది. పెద్ద పెట్టెలతో పిల్లలను సాగనంపే విజయవాడ కుటుంబాలు ఇప్పటికీ రోడ్డు మీద 275 కిలోమీటర్లు శంషాబాద్ దాకా కారులో వెళ్తున్నాయంటే అది చాదస్తం కాదు. ఆ ఐదు గంటల్లో దారి పొడవునా ఎక్కడ ఎంత ఆలస్యమవుతోందో కళ్లకు కనిపిస్తుంది, తగినట్టు సర్దుకునే వీలుంటుంది. గేటు దగ్గర కూర్చున్నవాడికి ఆ వీలు లేదు.

ఇక్కడో న్యాయమైన ప్రశ్న. నిమిషాలూ రూపాయలూ అంటూ లెక్కలు కడుతున్నారు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు ఐదున్నర గంటలు కూర్చోవడం ఎంత కష్టమో లెక్క వేశారా అని. వేయలేదు, వేయాలి కూడా. వీల్‌చైర్ అడిగితే విమానాశ్రయం గుమ్మం నుంచి విమానం సీటు దాకా మనిషి తోడు వస్తాడు. రైలు బోగీ మెట్లు, ప్లాట్‌ఫారం మీద పరుగు ఆవిడకు కుదరవు. ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు, పసిబిడ్డలతో వెళ్లేవాళ్లకు 95 నిమిషాలు ఆదా అయినా, అసలు ఏమీ ఆదా కాకపోయినా విమానమే సరి కావచ్చు. అది సౌకర్యం కోసం తీసుకున్న నిర్ణయం, మంచి నిర్ణయం. సౌకర్యానికి డబ్బు పెడుతున్నామని తెలిసి పెట్టడానికీ, సమయం కొంటున్నామని భ్రమపడి పెట్టడానికీ తేడా ఉంది. మొదటివాడు ప్రయాణం తర్వాత తృప్తిగా ఉంటాడు. రెండోవాడు నాలుగు గంటలు పట్టిందేమిటని విమానాశ్రయం మీద, ట్రాఫిక్ మీద, పక్కన కూర్చున్నవాళ్ల మీద చిరాకుపడతాడు. ఆ చిరాకు పుట్టింది టికెట్ కొన్న రోజునే.

ఆచరణలో చేయవలసింది చిన్న పని. మీరు తరచూ వెళ్లే రెండు ఊళ్లు తీసుకుని, విమానానికీ రైలుకూ కారుకూ ఇంట్లోంచి బయలుదేరిన వేళ, పని మొదలైన వేళ మాత్రం రాసుకోండి. మధ్యలోవి అక్కర్లేదు. కొన్ని ప్రయాణాలయ్యాక మీ సొంత అంకె తేలుతుంది. నేను పైన చెప్పిన నాలుగు గంటలు బెంజి సర్కిల్ మనిషివి. గన్నవరంలోనే ఇల్లున్నవాడికి మూడున్నర చాలు, గుంటూరువాడికి ఐదు. రెండో అంకె కూడా రాసుకోండి, అన్నిటికంటే ఎక్కువసేపు పట్టిన రోజు ఎంత అని. మామూలు పనులకు మొదటి అంకెను, తప్పకూడని పనులకు రెండో అంకెను నమ్మండి. అలాగే తిరుగు ప్రయాణాన్ని విడిగా లెక్కించండి. పొద్దున విమానం ఉండి సాయంత్రం లేకపోతే, ఒక్క రోజులో వెళ్లిరావాలన్న ఆలోచనకే అర్థం లేదు. వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు సాయంత్రం రైలు అన్న కలయిక చాలాసార్లు రెండువైపులా ఒకే రకం టికెట్ కంటే మెరుగ్గా ఉంటుంది. రెంటినీ ఒకే చోట చూపించే అలవాటు విమాన టికెట్లు అమ్మేవాళ్లకు లేదు కాబట్టి మనకు తట్టదు.

ఈ లెక్కను మళ్లీ కొత్తగా వేసుకోవలసిన అవసరం విశాఖవాళ్లకు భోగాపురం తెచ్చిపెడుతోంది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన అక్కడి విమానాశ్రయం విశాఖ నుంచి సుమారు 45 కిలోమీటర్లు. ప్రయాణికుల విమానాలు అక్కడికి మారితే గన్నవరం నుంచి ఆకాశదూరం మహా అయితే ముప్పై నలభై కిలోమీటర్లు పెరుగుతుంది, ఎగిరే సమయం మూడు నుంచి ఐదు నిమిషాలు. టికెట్ మీద ఆ తేడాను ఎవరూ గమనించరు. నేల మీద మాత్రం శ్రీకాకుళం మనిషికి ఇప్పటిదానికంటే యాభై కిలోమీటర్ల దాకా తగ్గుతుంది, విజయనగరంవాళ్లకు విమానాశ్రయం పాతిక కిలోమీటర్ల దూరానికి వస్తుంది. గాజువాకలో, స్టీల్‌ప్లాంటు దగ్గర ఉండేవాళ్లకు ఊరంతా దాటుకుని గంటన్నర దారి అవుతుంది. ఎంవీపీ కాలనీలో పనికి వెళ్లే మన బెంజి సర్కిల్ మనిషికి నాలుగు గంటలు నాలుగున్నరకు చేరువవుతాయి, ఆదా గంటకు దిగుతుంది. గాజువాకకు వెళ్లేవాడు మాత్రం వందే భారత్ ఎక్కి విశాఖలో దిగడమా, భోగాపురం నుంచి వెనక్కి రావడమా అని కూర్చుని లెక్క వేస్తే రెంటికీ మధ్య గంట తేడా కూడా రాకపోవచ్చు.